నాయిన బల్లకు చిత్రిక పట్టిన రోజు

మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక నేను మెట్టుగూడ దాటి వెళ్ళడం బాగా తగ్గిపోయింది. పొద్దున పాల ప్యాకెట్టు, సాయంత్రం మందుల షాపు, అంతే. అలాంటిది పోయిన నెల ఒకరోజు ఖాజా చాచా కూతురు షబానా ఫోన్ చేసింది. "అన్నా, అబ్బా నిన్ను ఒక్కసారి రమ్మంటుండు. కాలేజీ పిల్ల ఒకామె వచ్చింది. బోయిగూడల పాత చెక్కుడుపనోళ్ళ గురించి అంతా రాసుకుంటుందంట. మీ నాయిన గురించి అబ్బాకు సగమే యాదికున్నది. మిగతాది నువ్వొచ్చి చెప్పాలె" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోనే ఉండిపోయాను. వెళ్ళడానికి ఆటో దొరకదనో, ఎండగా ఉందనో ఒక సాకు వెతుక్కుంటున్నానని నాకే తెలిసింది. నాయిన గురించి ఎవరైనా అడుగుతారంటే నాకు ఎప్పుడూ అలాగే అవుతుంది.

ఖాజా చాచా మా నాయిన కన్నా పన్నెండేళ్ళు చిన్న. టింబర్ డిపోల వెనక సందులో ఇద్దరివీ పక్కపక్క రేకుల షెడ్లు. నాయిన తలుపుల మీద తీగలు, చిలకలు చెక్కితే, చాచా ఖురాన్ పెట్టుకునే రెహళ్ళు, మసీదు మెట్ల పక్క జాలీలు చెక్కేవాడు. ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. చూపు మసకబారింది కానీ నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే, "వచ్చినవా? మెట్టుగూడ నుంచి వచ్చినవా, లేకుంటే బొంబాయి నుంచా? ఫోన్ చేసి వారమాయె" అన్నాడు. నవ్య అనే ఆ అమ్మాయి నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని చాప మీద కూర్చుని ఉంది. కుర్చీ లేదు. చాచా మంచం మీదున్నాడు. "బల్ల మీద కూసో. నువ్వు కూసుంటే విరిగిపోయేది గాదు అది" అన్నాడు.

అది ఆయన చెక్కుడు బల్ల. జానెడు ఎత్తు, మనిషి పొడవు. పని మానేసి ఇరవయ్యేళ్ళయినా దాన్ని కిటికీ కింద అలాగే ఉంచుకున్నాడు. కూర్చోగానే నా నడుము పక్కకు జారింది. బల్ల నడుమ అరచెయ్యంత లోతు పల్లం, అది కూడా ఒక పక్కకే. నలభై ఏళ్ళు ఒకే మనిషి ఒకే తీరున కూర్చుని, ఒకే చోట చెక్కను అదిమి పట్టి పనిచేస్తే ఏర్పడిన పల్లం అది. నేను సర్దుకోవడం చూసి నవ్య అడిగింది: "తాతా, బల్ల మధ్యలో ఈ గుంత ఎందుకు? పాడైపోయిందా?"

"పాడైపోలే బేటీ, తయారైంది," అన్నాడు చాచా. "ఒక చేతిల ఉలి ఉంటది, ఇంకో చేతిల సుత్తి ఉంటది. మరి చెక్కను ఎవడు పట్టుకోవాలె? ఈ మీ అంకుల్ వచ్చి పట్టుకుంటడా? బల్లనే పట్టుకోవాలె."

నవ్య నవ్వి రాసుకుంది. తర్వాత రెండు పేజీలు వెనక్కి తిప్పి నా వైపు చూసింది. "అంకుల్, మీ నాన్నగారు యాభై ఏళ్ళకే చెక్కడం మానేశారని తాత చెప్పారు. చేతులు వణకడం మొదలైందన్నారు. అది కరెక్టేనా? మీరు అవునంటే అట్లనే ఫైనల్ చేస్తాను. దీన్ని పుస్తకంగా వేస్తున్నాం."

"గీయన చెప్పిందే గదమ్మా నేను చెప్పింది. నాకెట్ల తెలుస్తది?" అన్నాడు చాచా.

అవును అంటే సరిపోయేది. నలభై ఐదేళ్ళుగా అంటున్న మాటే. చుట్టాలకు చెప్పాను, నా భార్యకు చెప్పాను, నా పిల్లలకు తాత గురించి చెప్పిందంతా ఆ ఒక్క మాటే. కానీ ఇది అచ్చులో రాబోతోంది. ఆ సందులో ఎవరెవరు ఎంత బాగా చెక్కారో రాసిన పుస్తకంలో, మా నాయిన పేరు పక్కన, చెయ్యి పోయిన మనిషి అని ఉండిపోతుంది. కొంచెం నీళ్ళు అడిగాను. షబానా నీళ్ళు తెచ్చేలోపు నాకు గుర్తొచ్చినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు షెడ్డుకు ఆనుకునే ఉండేది. పొద్దున లేవగానే ముక్కుకు తగిలేది టేకు వాసన. వానాకాలంలో అది పుల్లగా మారి బట్టలకు కూడా పట్టేది. మా అమ్మ రంపపు పొట్టును జల్లెడ పట్టి, సన్నటిది పొట్టు పొయ్యిలో కూరేది. నడుమ రోకలి నిలబెట్టి చుట్టూ పొట్టు గట్టిగా దట్టించి, రోకలి మెల్లగా పైకి లాగితే మంట పోవడానికి దారి ఏర్పడుతుంది. ఒకసారి అంటిస్తే అన్నం, పప్పు, నాయినకు రెండుసార్లు చాయ్, అన్నీ దాని మీదే. ఉలి చెక్కిన పేళ్ళు వేరుగా నీళ్ళకాగు కిందికి. మా ఇంట్లో చెక్క వృథా కాదని అమ్మ గొప్పగా చెప్పుకునేది.

నాయిన పనికి కూర్చునే ముందు సానరాయిని తడిపి, ఉలులన్నీ వరసగా నూరి, ఒక్కోదాన్ని ముంజేతి వెంట్రుకల మీద పెట్టి పదును చూసేవాడు. ఆయన ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు ఉండేవి కావు. చాయ్ సాసర్లో పోసుకుని సగం తాగి, మిగతా సగం చల్లారిపోయేదాకా మర్చిపోయేవాడు. చెక్కుతున్నప్పుడు మాట్లాడేవాడు కాదు. ఎవరైనా పిలిస్తే ఆ గీత పూర్తయ్యాకే తలెత్తేవాడు. అమ్మకది కోపం. "ఇల్లు కాలుతుందంటె సుత, ఆకు పూర్తయినంకనే లేస్తడు ఈ మనిషి" అనేది. ఆయన కుడి మోకాలు వంగేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఒక పెద్ద ద్వారబంధం నిలబెడుతుంటే అది మీద పడిందట. అందుకని కుడికాలు బల్ల పక్కగా చాపి, ఎడమకాలు కింద పెట్టి, బల్ల మీద ఎడమకు ఒరిగి కూర్చునేవాడు.

నాయిన బల్ల నల్లతుమ్మ చెక్కతో ఆయన చిన్నతనంలో సొంతంగా చేసుకున్నది. ముందు కొసన రెండు కొయ్య చీలలు. చెక్కాల్సిన పలకను వాటికి ఆనిస్తే ముందుకు జరగదు. నడుమ రెండు రంధ్రాలు. వాటిలోంచి మెలివేసిన తాడు పైకొచ్చి, పలక మీదుగా వెళ్ళి, మళ్ళీ కిందికి దిగి ఉచ్చులా వేలాడేది. ఆ ఉచ్చులో ఎడమ పాదం పెట్టి నొక్కితే పలక బిగుస్తుంది, పాదం ఎత్తితే వదులవుతుంది. తీగ వంపు తిరిగినప్పుడల్లా పలకను తిప్పుకోవాలి కదా. నాయిన చెయ్యి ఆపకుండానే పాదం లేచేది, పలక తిరిగేది, పాదం మళ్ళీ దిగేది. బల్ల పైభాగం ఎడమ వైపుకు పల్లమై, నల్లగా నున్నగా అద్దంలా ఉండేది. కాళ్ళు కూడా సమానం కావు. చూసేవాళ్ళకు అదొక పాత, వంకర బల్ల.

నేను కూడా అలాగే చూశాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఫ్యాక్టరీలో ఫిట్టర్ అప్రెంటిస్‌గా రెండేళ్ళు నేర్చుకుని వచ్చాను. అక్కడ ప్రతిదీ రసమట్టం పెట్టి చూడాలి. వెంట్రుకంత తేడా వచ్చినా ముక్క పక్కన పారేస్తారు. ఆ చదువు నా తలకెక్కింది. ఇంట్లో గోడలు, మంచాలు, అమ్మ పీట, ఏది చూసినా నాకు వంకరగానే కనిపించేది. మా నాయిన ఇంత పనిమంతుడై ఉండి ఇలాంటి బల్ల మీద పనిచేయడమేంటని సిగ్గుగా ఉండేది. ఒట్టి సిగ్గే కాదు, ప్రేమ కూడా. ఆ ఒరిగి కూర్చోవడం వల్లే ఆయనకు నడుము నొప్పి అనుకున్నాను.

దసరాకు వారం ముందు నాయిన, అమ్మ జనగామలో పెళ్ళికి వెళ్ళారు. నాలుగు రోజులు. దసరా రోజు పనిముట్లన్నీ కడిగి, బల్ల మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకోవడం మా ఇంటి ఆనవాయితీ. ఆ రోజుకు బల్లను కొత్తదానిలా చేసి నాయినకు చూపించాలనుకున్నాను. చిత్రిక పట్టాను. మా సందులో దాన్ని రంద అంటారు. తుమ్మ చెక్క రాయిలా ఉంటుంది. రెండు రోజులు చెమటలు కక్కుతూ, ఆ పల్లం మాయమయ్యేదాకా చెక్కంతా దింపేశాను. కాళ్ళు సమానం చేశాను. చీలలు పీకేశాను. రంధ్రాల్లో కొయ్య బిరడాలు వజ్రం జిగురుతో అంటించి మూసేశాను. తాడు తీసి పారేశాను. ఒక కొసన, పలకను నొక్కి పట్టడానికి ఇనుప వైస్ బిగించాను. చివర్లో రసమట్టం పెట్టి చూస్తే బుడగ సరిగ్గా నడుమ నిలబడింది. పక్క షెడ్డులోంచి ఖాజా చాచా తొంగి చూసి, "అరె, మీ నాయినను అడిగినవా?" అన్నాడు. "చూసి ఖుష్ అయితడు చాచా" అన్నాను. ఆయన తల ఊపి తన పనిలోకి వెళ్ళిపోయాడు.

నాయిన వచ్చాడు. సంచీ కింద పెట్టకుండానే బల్ల దగ్గర నిలబడ్డాడు. అరచేత్తో ఆ కొస నుంచి ఈ కొసకు నిమిరాడు. నడుమ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "మంచిగ చేసినవ్ రా" అన్నాడు. వెనకే వచ్చిన అమ్మ, "అయ్యో, మీ నాయిన బల్లనంతా తీసేసినవా?" అంటే, "నువ్వు ఊకో. పోరడు ఎంత మట్టంగ చేసిండో చూడు" అన్నాడు. దసరా రోజు దాని మీదే ఉలులు పేర్చి దండం పెట్టాడు. సందులో కనిపించిన వాళ్ళందరినీ పిలిచి చూపించాడు. "నా కొడుకు చేసిండు. వైస్ సుత పెట్టిండు."

అప్పుడు ఆయన చేతిలో ఒక డాక్టరు గారింటి తలుపుల పని ఉంది. మామిడి తీగ, కాయలు, చిలకలు. మొత్తం నాలుగు పలకలు. రెండు అప్పటికే పూర్తయ్యాయి. ఎంత బాగున్నాయంటే, చాచా తన దగ్గరికి వచ్చిన వాళ్ళను కూడా తీసుకొచ్చి చూపించేవాడు. మిగతా రెండు కొత్త బల్ల మీద మొదలయ్యాయి. ప్రతి వంపు దగ్గరా వైస్ విప్పాలి, తిప్పాలి, మళ్ళీ బిగించాలి. గట్టిగా బిగిస్తే పలక అంచు నలుగుతుంది, వదులుగా ఉంటే పలక అదురుతుంది. చదునైన బల్ల మీద ఆయన వంగని మోకాలికి చోటు కుదరలేదు. నడుము మెలితిప్పుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఒకరోజు ఆయన గోనెసంచి మడిచి పలక కింద పెట్టుకున్నాడు. నేను చూసి తీసేశాను. "నాయినా, ఇది పెడితే మట్టం పోతది" అన్నాను. "సరే తియ్" అన్నాడు. మళ్ళీ రెండు రోజులకు అదే గోనెసంచి. మళ్ళీ తీశాను. మూడోసారి కొంచెం విసుక్కున్నాను కూడా. తర్వాత ఆయన పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం నేను స్నానం చేస్తుంటే తడిక అవతల అమ్మ మాటలు వినిపించాయి. "మల్ల తూట్లు పొడుసుకొని తాడు పెట్టుకోరాదు? ఎందుకీ తక్లీఫ్?" దానికి నాయిన మెల్లగా, "వాడు మనసుపెట్టి చేసిండే. ఇప్పుడు తూట్లు పొడిస్తే వాని మొఖం ఎట్లైతది? అలవాటైతది తియ్" అన్నాడు. నేను చెంబుతో నీళ్ళు పోసుకోవడం ఆపేసి విన్నాను. విన్నాక మళ్ళీ పోసుకున్నాను. బయటికి వచ్చాక ఏమీ తెలియనట్టు అన్నానికి కూర్చున్నాను. అప్పుడే వెళ్ళి ఆ బిరడాలు కొట్టేసి ఉంటే సరిపోయేది. అరగంట పని. కానీ నేను చేసింది తప్పని ఒప్పుకోవాల్సి వచ్చేది. నాకు ఇరవై రెండేళ్ళు, రసమట్టం నా చేతిలో ఉంది.

వారం తర్వాత మూడో పలక మీద ఉలి జారింది. ఆకు నడుమ నుంచి చిలక మెడ దాకా గాటు పడింది. నాయిన బొటనవేలి మొదట్లో కూడా తెగింది. డాక్టరు గారు పలకలు చూడడానికి అదే వారం వచ్చారు. పూర్తికాని వాటితో సహా నాలుగూ గోడకు ఆనించి ఉన్నాయి. ఎవరూ చెప్పనక్కరలేదు. మొదటి రెండింటిలో తీగ పాకుతోంది, తర్వాతి రెండింటిలో అది తాడులా పడి ఉంది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఏమయ్యా, ఈ రెండూ నీ చేతివేనా? నిజం చెప్పు" అన్నారు.

నాయిన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఎడమ పాదం నాకు కనిపిస్తోంది. అది బల్ల కింద అటూ ఇటూ కదులుతోంది. లేని ఉచ్చు కోసం వెతుకుతోంది. ఆయనకు కూడా ఆ సంగతి తెలియదనుకుంటాను. నేను ఆ పాదాన్నే చూస్తూ అన్నాను: "నాయినకు ఈ నడుమ చేతులు వణుకుతున్నయ్ సార్. వయసైంది గదా."

నాయిన తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నేను బతికిపోయేవాడిని. కోపం లేదు. డాక్టరు వైపు తిరిగి, "అవును సార్. జెర వణుకుతున్నయ్" అన్నాడు.

సందులో ఆ మాట సాయంత్రానికల్లా అందరికీ తెలిసింది. చెక్కుడుపని వాడికి చెయ్యి వణుకుతుందంటే ఇంక పని ఇచ్చేదెవరు? డాక్టరు గారు మంచివారు, మొదటి రెండు పలకలు తీసుకుని, మిగతావి వేరేవాళ్ళ చేత చేయించుకున్నారు. నాయిన ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. ఉలులకు పిడులు, చపాతీ పీటలు, మంచం కోళ్ళు. ఒక్క ఆకు కూడా చెక్కలేదు. ఆయన చేతులు చివరిదాకా వణకలేదు. ఆస్పత్రి మంచం మీద కూడా చాయ్ సాసర్లో పోసుకుని చుక్క ఒలకకుండా తాగాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. అప్పుడు కూడా నేను తప్పు ఒప్పుకోలేదు.

ఇప్పుడు బోయిగూడలో ఆ సందు నడిచి వస్తే షెడ్లన్నీ షాపులయ్యాయి. చెక్కను పట్టుకోవడానికి పాదమూ అక్కర్లేదు, తాడూ అక్కర్లేదు. గాలితో పీల్చి పట్టే పెద్ద ఇనుప బల్ల మీద పలక పరిచి, కంప్యూటర్లో నెమలిని ఎంచుకుంటే మెషిన్ గంటలో చెక్కి పడేస్తుంది. అన్ని తలుపుల మీదా అదే నెమలి, అదే మెడ, అదే ఈకలు. పొట్టు పిండిలా రాలి జిగురు వాసన కొడుతుంది. ఆ పొట్టుతో ఏ పొయ్యీ వెలగదు. నా ఈడువాళ్ళు ఇవన్నీ చూసి తిట్టుకుంటారు. నేను తిట్టలేను. వెంట్రుక వాసి తేడా లేని బల్ల కావాలని మొదట కోరుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

షబానా నీళ్ళు తెచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టాను. "రాయకమ్మా" అన్నాను నవ్యతో. "మా నాయిన చేతులు వణకలేదు. ఎప్పుడూ వణకలేదు. అది నేను చెప్పిన అబద్ధం." బల్ల సంగతి, తాడు సంగతి, గోనెసంచి సంగతి, తడిక అవతల విన్న మాట, అన్నీ చెప్పాను. ఎక్కువసేపు పట్టలేదు. ఇంత చిన్న కథ ఇన్నేళ్ళు మోయడానికి నాకు అంత బరువెందుకైందో తెలియదు. నవ్య రాయడం ఆపి వింది.

ఖాజా చాచా మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏమన్నవ్? మల్ల చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆయన గొంతు మారిపోయింది. "పెద్ద మసీదు పని వచ్చినప్పుడు నాకు ఇంకో చెయ్యి కావాల్సుండె. మీ నాయినను, చారన్నను పిలుద్దామని గేటు దాకా పోయిన. చెయ్యి వణికే మనిషిని పిలిచి నలుగుట్ల బేఇజ్జత్ చేసుడెందుకని వాపస్ వచ్చిన. పద్దెనిమిదేండ్లు పక్కపక్కన కూసుంటిమి. ఒక్కసారి సుత ఉలి చేతికియ్యలే. జాలి పడ్డ గదరా ఆయన మీద! అంత పనోని మీద నేను జాలి పడ్డ!"

"తప్పయింది చాచా" అన్నాను.

"నాకెందుకు చెప్తవ్? నీ నాయిన ఉన్నడా ఇప్పుడు? ఆయనకు చెప్పాల్సుండె." కాసేపు దగ్గు తెర వచ్చింది. షబానా వీపు రాయబోతే చెయ్యి విదిలించాడు. "ఆ రోజు నేను చూసిన. రంద పట్టుడు చూసిన. చూసి ఊకున్న. అదొకటి నా మీద ఉన్నది. కానీ నువ్వు…" ఆ మాట పూర్తి చేయలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చాయ్ తాగి పొమ్మని అనలేదు. ఆయన ఇంటికి వచ్చిన మనిషిని చాయ్ లేకుండా పంపడం నేనెప్పుడూ చూడలేదు.

నవ్య పాత వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, "అంకుల్, అయితే ఏమని రాయమంటారు?" అంది.

"చెయ్యి బాగనే ఉండె అని రాయమ్మా. బల్లను కొడుకు పాడుచేసిండు, పాడుచేసి చెయ్యి పోయిందని చెప్పిండు. తండ్రి ఒప్పుకున్నడు. అంతే."

ఆమె మెల్లగా, ఒక్కో మాటా అడిగి రాసుకుంది. చివర్లో పెన్ను ఎత్తి, "కొడుకు అని ఊరికే రాసి వదిలేయనా, పేరు వద్దులే అంటే…" అంది. మంచి పిల్ల. నాకు తప్పుకోవడానికి దారి ఇస్తోంది.

పేరు కూడా రాయమన్నాను. ఇంటిపేరుతో సహా చెప్పి, సరిగ్గా రాసిందో లేదో నోటుబుక్కు తీసుకుని చూసి ఇచ్చాను.